పంపిన సైటుకు జవాబు చెప్పే పూచీ వాలంటీర్ ఎడిటర్‌కి ఉందా, లేదా?

రేవు_మోటుపల్లి:
చీరాల దగ్గర మోటుపల్లి, ఆ చుట్టుపక్కల ఊళ్లలోని గుళ్లు, శాసనాల ఫోటోలు నేనే తీసి ఒక సైటులో పెడుతున్నాను. యాడ్స్ లేవు, అమ్మేదేమీ లేదు. వాలంటీర్లే ప్రతి సైటూ తెరిచి చూసి, ఏ వర్గంలోకి వస్తుందో తేల్చి చేర్చే వెబ్ డైరెక్టరీ ఒకటుంటే దానికి పంపాను. పేరు చెప్పను, జీతం లేకుండా చేసేవాళ్లని బజారుకీడ్చడం ఇష్టం లేదు. 14 నెలలైంది. చేర్చుకోలేదు, పోనీ వద్దని కూడా అనలేదు. మూడుసార్లు మళ్లీ పంపాను, ఉలుకూ పలుకూ లేదు. ‘పంపండి’ అని బటన్ పెట్టినవాళ్లకి, పంపినవాడికి ఒక్క ముక్క చెప్పే పూచీ ఉండదా?

అమీర్‌పేట్_2004:
ఇంకా డైరెక్టరీల దగ్గరే ఉన్నావా అన్నా 😀 వాటన్నిటికీ పెద్దదిక్కు డీమాజే 2017 మార్చిలో మూతపడింది. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, అది 1998లో గ్నూహూ అని మొదలై న్యూహూ అయింది, అదే ఏడాది బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ కొనేసింది. గూగుల్ తన సొంత డైరెక్టరీని 2011 దాకా ఆ డేటాతోనే నడిపింది. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు కాబట్టి, ఒక్కచోట పేరెక్కితే దాన్ని కాపీ కొట్టిన సైట్లన్నిటిలోనూ మన లింకు పడేది, అందుకే సైట్లని గూగుల్‌లో పైకి తేవడమే పనిగా ఉన్న ఎస్‌ఈఓ వాళ్లం బెల్లం చుట్టూ ఈగల్లా ముసిరాం. నేను చేరిన ఒక చిన్న కంపెనీలో ‘లిస్టింగ్ గ్యారంటీ’ అని క్లయింట్ల దగ్గర డబ్బులు గుంజేవారు. మేం చేసేదల్లా ఫారం నింపి దణ్ణం పెట్టుకోవడం. పేరొస్తే మా ప్రతిభ, రాకపోతే ‘ఎడిటర్లు లంచం అడుగుతున్నారు సార్’ అనేవాళ్లం. ఇప్పుడు దానివల్ల ఒరిగేదేం లేదు, వదిలేయ్.

పాత_ఎడిటర్:
లంచాల కథ ఎక్కడ పుట్టిందో మీ నోటితోనే చెప్పారు, సంతోషం. డబ్బు తీసుకున్నట్టు తేలితే ఎడిటర్ ఖాతా పీకేసేవారు. అలాగని తీసుకున్నవాడే లేడని నేను ప్రమాణం చేయను.

నేను డీమాజ్‌లో ఓ చిన్న వర్గం కొన్నేళ్లు చూశాను. మోటుపల్లి గారూ, మీరు పంపినదాన్ని మీరు దరఖాస్తు అనుకుంటున్నారు. మాకు అది సలహా. సలహాలు ఒక కుప్పగా పడి ఉండేవి, వరసలో చూడాలన్న నియమం లేదు, అసలు కుప్ప ముట్టకుండా నేనే వెతికి మంచి సైట్లు చేర్చినా తప్పు లేదు. మొదట్లో నేనూ బుద్ధిగా కుప్పే తెరిచేవాణ్ణి. ఒకే హోటల్ బుకింగ్ సైటు ఏడు పేర్లతో ఉండేది. ‘త్వరలో వస్తుంది’ అని బోర్డు తప్ప ఏమీ లేనివి. పక్క సైటు నుంచి ఎత్తి అతికించినవి. తెలుగు సైటుని తీసుకెళ్లి ఇంగ్లిష్ వర్గంలో పడేసేవారు, అది ఇతర భాషల విభాగంలోకి వెళ్లాలి, అటు నెడితే అక్కడి కుప్పలో మళ్లీ మొదటినుంచి నిరీక్షణ. పైగా అప్పటి తెలుగు సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వారిదే, ఆ ఫాంటు లేకపోతే తెర మీద అంతా చుక్కలూ గీతలూ. చదవలేని సైటుకి వివరణ ఏం రాస్తాం?

ఇక జవాబు సంగతి. ఒకసారి పాపమని ఒకాయనకి ‘మీ సైటులో సొంత సమాచారం లేదు, అందుకే చేర్చలేదు’ అని రాశాను. రెండు నెలలు వదల్లేదు. మొదట వాదన, తర్వాత బతిమాలడం, తర్వాత తిట్లు. ఆ తర్వాత ఎవరికీ రాయలేదు.

ఇంకోటి, మళ్లీ మళ్లీ పంపితే మా దగ్గర పాత తేదీ పోయి కొత్త తేదీ పడేది. తేదీ వరసలో చూసే ఎడిటర్ అయితే మీరు మూడుసార్లు మీ అంతట మీరే వెనక్కి వెళ్లి నిలబడ్డట్టు.

డల్లాస్_పద్మ:
క్షమించండి పాత ఎడిటర్ గారూ, ఆ చివరి ముక్కే మీ మీద పెద్ద ఫిర్యాదు. తిరిగి పంపితే వెనక్కి పోతామని పంపినవాడికి ఎలా తెలుస్తుంది? ‘నా సైటు ఎక్కడుంది’ అని అడిగే ఏర్పాటు ఉండేది, దాన్ని కూడా 2005లో ఎత్తేశారు. 2006 చివర్లో సర్వర్ కూలి వారాల తరబడి ఎడిటింగే ఆగిపోయింది. బయటివాడికి మూగతనం, పని ఆగిపోవడం రెండూ ఒకేలా కనిపిస్తాయండీ. డైరెక్టరీ ఉన్నది చదివేవాళ్ల కోసం, సైటు యజమానుల కోసం కాదు అనేవారు మీరంతా. సరే, ఒప్పుకుంటాను. కానీ మంచి సైటు కుప్పలో అడుగున పడి ఉంటే నష్టపోయేది ఆ చదివేవాడే కదా?

రేవు_మోటుపల్లి:
పద్మగారు నా మనసులో మాట అన్నారు. మా మోటుపల్లిలో గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారట, నేను మాత్రం మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోను, భయపడకుండా రండి అని రాతి మీద చెక్కించాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఓడలవాళ్లకి ఆయన అంత భరోసా ఇవ్వగలిగాడు, మీరు ‘ఏడాది పట్టొచ్చు, అసలు చూడకపోవచ్చు’ అని పేజీ మీద ఒక్క లైను రాయలేరా?

పాత_ఎడిటర్:
బాగా చెప్పారు గానీ, గణపతిదేవుడు సుంకం తీసుకున్నాడండీ! తీసుకున్నాడు కాబట్టే మాటిచ్చాడు. మాకు మీరేం కట్టారు?

అమీర్‌పేట్_2004:
సుంకం కట్టించుకున్న డైరెక్టరీ కూడా ఉండేది. యాహూ వాళ్లు వ్యాపార సైట్లకి 299 డాలర్లు వసూలు చేసి 7 పనిదినాల్లో చూస్తామనేవారు. గమనించు, చూస్తాం అన్నారంతే, చేరుస్తాం అనలేదు. చేర్చకపోయినా డబ్బు వాపసు లేదు. 2014 చివర్లో అదీ పోయింది. జవాబు ఇచ్చినా పోయింది, ఇవ్వకపోయినా పోయింది, గూగుల్‌లో వెతకడం అలవాటయ్యాక డైరెక్టరీ మెట్లు ఎవడు దిగుతాడు.

డల్లాస్_పద్మ:
అది వేరే సంగతి బాబూ, మూతపడటం గురించి కాదు మాట్లాడేది. రోజుకి వందమందికి ఉత్తరాలు రాయమని ఎవరూ అనట్లేదు. ‘చూశాం, చేర్చలేదు’ అని ఒక గుర్తు పెడితే చాలు.

పాత_ఎడిటర్:
ఆ గుర్తు కనిపించిన మరుక్షణం స్పామ్ చేసేవాడు పేరు మార్చి మళ్లీ పంపుతాడు. చేర్చలేదని తెలియకపోతే వాడు కనీసం కొన్నాళ్లు ఊరుకుంటాడు. మంచివాళ్లు నలిగారు, కాదనను. పేజీ మీద ఆ ఒక్క లైను మాత్రం పెట్టి ఉండాల్సింది, ఒప్పుకుంటున్నా.

మోటుపల్లి గారూ, వివరణలో ఏం రాశారు మీరు?

రేవు_మోటుపల్లి:
‘ఆంధ్రదేశ చరిత్రలో మరుగునపడిన మహోజ్వల ఘట్టాలను కళ్లకు కట్టే ఏకైక, అత్యుత్తమ వెబ్‌సైట్. ప్రతి తెలుగువాడూ తప్పక చూడాలి.’

అమీర్‌పేట్_2004:
😂😂 అన్నా, నన్ను పెట్టుకుని రాయించుకున్నట్టుంది

పాత_ఎడిటర్:
ఇది చూస్తే నేనూ పక్కకే పెట్టేవాణ్ణి. ఈ భాషలో వచ్చేవి నూటికి తొంభై సరుకు లేనివే అని మాకు అలవాటైపోయింది. ‘చీరాల ప్రాంతపు గుళ్లు, శాసనాల ఫోటోలు. శాసనాల పాఠాలు, ఊళ్లకు దారి వివరాలు.’ ఇంతే రాయండి. ‘ఏకైక’ తీసేయండి, ‘తప్పక’ తీసేయండి. చరిత్ర వర్గంలోకి కాదు, ఆ ప్రాంతం వర్గంలోకి పంపండి, అక్కడ కుప్ప చిన్నగా ఉంటుంది. లేదా ఆ వర్గానికి ఎడిటర్‌గా మీరే దరఖాస్తు పెట్టుకోండి.

రేవు_మోటుపల్లి:
నా సైటు నేనే చేర్చుకుంటే బాగుంటుందా?

పాత_ఎడిటర్:
మా దగ్గరైతే, అది నాదేనని దరఖాస్తులో ముందే చెప్పాలి, మిగతావాటికి ఎలా రాస్తారో దానికీ అలాగే రాయాలి. దాస్తేనే గొడవ.

రేవు_మోటుపల్లి:
ఫారం తెరిచాను. నమూనాగా మూడు సైట్లకి వివరణ రాసి చూపించమంటోంది. శాసనాల మీద తెలుగులో రెండు దొరికాయి, నాది కాకుండా. మూడోది ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పద్మగారూ, ఒకవేళ ఒప్పుకుంటే మొదటి వారంలోనే ఆ ఒక్క లైను పెట్టమని వాళ్లని అడుగుతాను.