వారసత్వంగా వచ్చిన 1780 వెండి నాణెం: వెండి ధరేనా, అంతకు మించి ఉంటుందా?

పాతపెట్టె:
అమ్మమ్మ వస్తువుల్లో పెద్ద వెండి నాణెం ఒకటి దొరికింది. ఒకవైపు మేలిముసుగు వేసుకున్న స్త్రీ బొమ్మ, రెండోవైపు రెండు తలల గద్ద, 1780 అనే అంకె. నాణేల వ్యాపారి ఒకాయన తూచి, వెండి ధరకు మించి ఇవ్వనన్నాడు. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లేమో దానికి ఇరవై రెట్లు చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

తూకంరాయి:
వ్యాపారి చెప్పింది నిజమేనండీ. అది ఆస్ట్రియాను ఏలిన రాణి మరియా థెరెసా బొమ్మతో వచ్చిన ‘థేలర్’ అనే వెండి నాణెం. 1780 ఆ రాణి చనిపోయిన ఏడాది. ఆ తర్వాత కూడా అదే తేదీ వేసి వియన్నా, రోమ్, లండన్, బొంబాయి టంకశాలలు కొడుతూనే వచ్చాయి. ఇథియోపియా, యెమెన్ సంతల్లో వ్యాపారులకు ఆ బొమ్మ మీదే నమ్మకం ఉండేది మరి! కాబట్టి తేదీని బట్టి వయసు చెప్పలేం. బరువు 28.07 గ్రాములు, వెయ్యికి 833 పాళ్లు వెండి. అంటే దాదాపు 23.4 గ్రాముల మేలిమి వెండి. ఈ రోజు ధరతో గుణించుకోండి, అంతే.

గద్దతోక:
ఆ ‘అంతే’ దగ్గరే నాకు అభ్యంతరం. తేదీ ఒకటే అయినా అచ్చులు ఒకటి కావు. గద్ద తోక ఈకల అమరిక, రాణి భుజం మీది పిన్నులో ముత్యాలు, అక్షరాల మధ్య చుక్కలు చూసి ఏ టంకశాలదో, సుమారుగా ఏ కాలానిదో చెప్పేవాళ్లున్నారు. అరుదైన అచ్చుకు సేకరణకర్తలు వెండి ధర కంటే బాగా ఎక్కువే ఇస్తారు. ఆ వ్యాపారి తక్కెడతో పాటు భూతద్దం కూడా తీశాడా?

పాతపెట్టె:
తీయలేదు. నాణెం బాగా నల్లబడింది. పాలిష్ పేస్టుతో రుద్ది ఫొటోలు పెట్టనా?

గద్దతోక:
దయచేసి వద్దు. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పొర. రుద్దితే దాంతో పాటు లోహమూ కొంత పోతుంది. దీపం కింద వాల్చి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు కనబడతాయి. ఇక దాన్ని ‘శుభ్రం చేసిన నాణెం’ అంటారు, మంచి ధర రాదు.

తూకంరాయి:
రుద్దవద్దన్న మాట వరకు నాదీ అదే. రుసుము తీసుకుని నాణెం స్థితికి పాయింట్లు వేసే గ్రేడింగుకు పంపమని మాత్రం చెప్పకండి. 70 పాయింట్ల కొలమానంలో ఎంత వచ్చినా, మామూలు అచ్చయితే ఆ రుసుము కూడా తిరిగి రాదు.

నీటిచుక్క:
ముందు అసలు వెండో కాదో తేల్చుకోండి. అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి కాదు, ఇత్తడీ అంటుకోదు. గ్రాములో వందో వంతు చూపే తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా ముంచండి. తక్కెడ చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు; అసలుదైతే 2.75 గ్రాముల దగ్గర ఆగుతుంది. అదే బరువున్న వెండిపూత ఇత్తడి 3.3 దగ్గరికి పోతుంది.

పాతపెట్టె:
2.76 చూపింది. అంచు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా, స్పష్టంగా ఉన్నాయి. నేను దీన్ని అమ్మను. నా దగ్గరే ఉంచుకుని చెల్లెలికి సగం విలువ ఇవ్వాలి, అందుకే అడిగాను.

తూకంరాయి:
అయితే ఇద్దరు ముగ్గురు వ్యాపారులు కొంటామన్న ధర అడిగి, అందులో ఎక్కువదానిలో సగం ఇవ్వండి. ఇప్పటికిప్పుడు చేతికొచ్చే డబ్బు అదే.

గద్దతోక:
అది చెల్లెలికి అన్యాయం. కొనే వ్యాపారి తన లాభం తీసేసే ధర చెబుతాడు. అమ్మనప్పుడు ఆ కోత ఆమె ఎందుకు భరించాలి? అలాగని ఆ ఇరవై రెట్ల ప్రకటనలనూ పట్టించుకోకండి, అడిగే ధరకు హద్దేముంది? అదే అచ్చు, అదే అరుగుదల ఉన్నవి వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో పాత ఫలితాల్లో వెతకండి. కొన్న వ్యక్తి వేలం సంస్థకు అదనంగా కట్టే రుసుము అందులో కలిసి ఉందో లేదో గమనించండి.

తూకంరాయి:
వేలంలో అమ్మేవాడికీ కమిషన్ కోత ఉంటుంది కదా. ఆ లెక్క చెల్లెలికి చెప్పరా?

గద్దతోక:
చెప్పాలి. వ్యాపారి ధర, వేలం ధర రెండూ ఆమె ముందు పెట్టి, ఏది తీసుకుంటుందో ఆమెనే అడగాలి. ఈలోగా తోక ఈకలు కనబడేలా దగ్గరి ఫొటో ఒకటి పెట్టండి, పక్క నుంచి వెలుతురు పడాలి.