అప్‌డేట్: మూన్‌లైట్ సొనాటా వేగం గురించి

బీథోవెన్ పియానో రచన మూన్‌లైట్ సొనాటా మొదటి భాగాన్ని మా టీచరుగారు బాగా నెమ్మదిగా వాయించమంటున్నారని, నాకది సాగదీసినట్టుందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

స్వరలిపి మొదటి వరుస మళ్ళీ చూడమని మీలో ఒకరన్నారు. చూశాను. ‘అడాజియో’ (నెమ్మదిగా) అన్న మాట దగ్గరే ఆగిపోయి, నిలువు గీత కొట్టిన ‘సి’ గుర్తును ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు! అంటే బారుకు (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగానికి) నాలుగు కాదు, రెండే లెక్కలు. అలా లెక్కపెట్టుకుని వాయిస్తే పాట ఊపిరి తీసుకుంది.

పెడల్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఈ భాగమంతా డ్యాంపర్లు (తీగల నాదాన్ని ఆపే మెత్తలు, పెడల్ తొక్కితే లేస్తాయి) ఎత్తి వాయించమని బీథోవెన్ రాశాడు. 1801 నాటి వియన్నా పియానోల్లో నాదం త్వరగా సన్నగిల్లేది. నేటి పియానోలో అలా చేస్తే స్వరాలన్నీ కలగాపులగం అవుతాయి. అందుకే హార్మనీ (కలిసి మోగే స్వరాల కూర్పు) మారినప్పుడల్లా పెడల్ మారుస్తున్నాను.

టీచరుగారికి వినిపించాను. పై స్వరంలోని చుక్క లయను (ఒక పొడవు స్వరం, వెంటనే ఒక పొట్టి స్వరం) తొందరపెడుతున్నానన్నారు. అది నిజమే, ఒప్పుకున్నాను. వేగం మాత్రం ఆవిడా నేనూ ఇంకా తేల్చుకోలేదు. ముప్పై రెండు సొనాటాల్లో హామర్‌క్లావియర్ అనే ఒక్కదానికే బీథోవెన్ మెట్రోనోమ్ (వేగాన్ని సూచించే పరికరం) అంకెలిచ్చాడు, దీనికి ఇవ్వలేదు. ప్రస్తుతం నిమిషానికి 54 క్వార్టర్ నోట్ల (ఇక్కడ బారులో నాలుగో వంతు) దగ్గర సాధన చేస్తున్నాను. ఆవిడ 44 అంటున్నారు. వచ్చే ఆదివారం రెండు వేగాల్లోనూ రికార్డు చేసి, ఇద్దరం కలిసి వింటాం.