వేట నిషేధం తర్వాత చోకు లేకుండా నిలబడని అవుట్‌బోర్డ్ మోటారు
జువ్వలదిన్నెలో వేటకు వాడే మా ఫైబర్ పడవకు వెనుక బిగించే 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండగా, కార్బొరేటర్‌లోని పెట్రోలు తీయకుండానే మోటారును పాకలో ఉంచాము, తప్పు మాదే. ఇప్పుడు రెండో లాగుడుకే స్టార్ట్ అవుతున్నది గాని, చోకు సగం లాగి ఉంచితేనే నిలకడగా తిరుగుతున్నది, పూర్తిగా నెడితే అర నిమిషంలో ఆగిపోతున్నది. ఫుల్ రేజింగ్‌లో ఇబ్బంది లేదు.

కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే ఫ్లోటు గిన్నె విప్పితే అడుగున జిగురు కనిపించింది. గిన్నెను, మెయిన్ జెట్‌ను (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం ఉన్న ముక్క) కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో రెండుసార్లు కడిగి, గాలి కొట్టి, ప్లగ్గులు, ఫిల్టరు మార్చి, లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు పోశాము. ఐడిల్‌లో, అంటే రేజింగ్ ఇవ్వకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు, మిశ్రమాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూను ఒకటిన్నర చుట్టు నుంచి రెండున్నర వరకు వదులు చేసినా, ఆగిపోయే సమయంలో పెట్రోలు బల్బు నొక్కినా మార్పు లేదు. జెట్‌లో తీగ దూర్చమని పక్క పడవవారు చెప్పారు గాని, రంధ్రం పెద్దదవుతుందన్న భయంతో ఆ పని చేయలేదు.

కార్బొరేటర్‌లో ఐడిల్‌కు పెట్రోలు వెళ్ళే సన్న దారిపై బిగించిన చిన్న లోహపు బిళ్ళను మాత్రం ఇంతవరకు కదపలేదు. ఆ బిళ్ళను ఊడదీసి కొత్తది వేయక తప్పదా, లేక కార్బొరేటర్‌ను ఒక రాత్రంతా క్లీనర్‌లో నానబెడితే ఆ దారి తెరుచుకుంటుందా?