గట్టిది అంటే హార్డా, రిజిడా? పాప మార్కు ఎందుకు పోయింది?

చీమకుర్తి నాన్న:
మా పాప ఒంగోలులో ఎనిమిదో తరగతి. నిన్న ఇంగ్లీషు పేపరు తెచ్చింది. వంచితే వంగని వస్తువును ఏమంటారో ఒక్క మాటలో రాయమని ప్రశ్న. పాప 'హార్డ్' అని రాసింది. టీచరు కొట్టేసి పక్కన ఎర్ర ఇంకుతో 'రిజిడ్' అని రాశారు. నేను పద్దెనిమిదేళ్లుగా గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉన్నా. రాయి హార్డ్, రాయి వంగదు. మరి హార్డ్ ఎందుకు తప్పు? ఆ ఒక్క మార్కుకు పాప రాత్రి అన్నం ముట్టలేదు.

కావలి మాస్టారు:
టీచరు దిద్దింది సరిగ్గానే ఉందండీ. హార్డ్ అంటే గీత పడనిది, సొట్ట పడనిది. స్టిఫ్ అంటే వంచాలంటే బాగా బలం పెట్టాల్సినది. రిజిడ్ అంటే అసలు వంగనిది. ఇంట్లో స్టీలు స్కేలు ఉంటే తీసి చూడండి. గోరుతో గీస్తే గీత పడదు, చేత్తో వంచితే మాత్రం విల్లులా వంగుతుంది. అంటే హార్డే, రిజిడ్ కాదు. థర్మోకోల్ ముక్క తీసుకోండి. గోరు నొక్కితే గుంట పడుతుంది, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. అది వంగదు, కానీ హార్డ్ కాదు. విరిగే గుణాన్ని బ్రిటిల్ అంటారు, మన పెళుసు. గీత పడకుండా తట్టుకోవడాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, సహజ ఖనిజాలన్నిటికన్నా హార్డ్. అయినా సుత్తి దెబ్బకు పగులుతుంది.

గడ్డపార:
మాస్టారూ, స్కేలు పల్చగా ఉంది కాబట్టి వంగింది. గడ్డపారను వంచండి చూద్దాం. అదీ ఇనుమే కదా.

కావలి మాస్టారు:
పదార్థం వేరు, ఆకారం వేరు. పదార్థం సాగకుండా, వంగకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత యంగ్స్ మాడ్యులస్. స్టీలుకు అది సుమారు 200 గిగాపాస్కల్, స్కేలైనా కడ్డీ అయినా అంతే. మందం పెరిగితే వంచడం కష్టమవుతుంది.

గడ్డపార:
అయితే స్కేలు రిజిడ్ కాదు, గడ్డపార రిజిడ్. మరి మీరు చెప్పే ఆ 200 దేనికి?

ఒంగోలు శిల:
చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, అదే బంగారు చుక్కల నల్లరాయి, అసలు గ్రానైటే కాదు. భూగర్భ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతి రాయి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం.

చీమకుర్తి నాన్న:
అన్నా, మా దగ్గర అందరూ గ్రానైట్ అనే అంటారు. నేను అడిగింది పాప మార్కు గురించి.

పెన్నా ఒడ్డు:
నేను నెల్లూరులో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అన్నిటికీ 'గట్టి' అనేయడం మన అలవాటు. గంజి పెట్టి ఆరేసిన చొక్కా బిరుసు, దాన్నే స్టిఫ్ అంటారు. కాల్చిన అప్పడం పెళుసు. ఈ మాటలు ఇంట్లో వాడితే పిల్లలు ఇంగ్లీషులోనూ తేడా పట్టేస్తారు. అయినా మాటకు మాట సరిపోదు. మొండి మరక స్టబర్న్ స్టెయిన్ అవుతుంది, మొండి బకాయి మాత్రం బ్యాడ్ డెట్. స్ట్రిక్ట్, స్ట్రింజెంట్ రెండూ బిగించడం అనే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. మనం రూల్స్ బిగించారు అంటామే, అదే పోలిక.

కావలి మాస్టారు:
అమ్మా, తెలుగులోంచి పోవడం వల్లే ఈ తప్పు వచ్చింది. పాప గట్టి అని తలుచుకుంది, హార్డ్ అని రాసింది. నేరుగా ఇంగ్లీషులో నేర్చుకుని ఉంటే రాసేది కాదు.

చీమకుర్తి నాన్న:
అంటే తప్పు నాదే అంటారా? అవును, నాదే. చెబుతా వినండి. నేను ముందు చేసిన యూనిట్లో ఒక పెద్ద పలక ఎగుమతికి సిద్ధమైంది. తడిపి చూశా. మిగతా రాయంతా ఆరిపోయాక కూడా మూల నుంచి జానెడు పొడుగున వెంట్రుకంత నల్లటి గీత తడిగానే ఉంది. పగులు నీళ్లు పట్టుకుంటుంది. ఎక్కించను అన్నా. ఆ ఏడాది నా రిపోర్టులో రిజిడ్ అని రాశారు, జీతం పెంచలేదు. ఆ కాగితం పాపే చదివిపెట్టింది. రిజిడ్ అంటే ఏంది నాన్నా అంది. గట్టివాడు అని రాశారమ్మా, హార్డ్ అని చెప్పా. మంచి మాట అనుకుంది. నిన్న పేపరు చేత్తో పట్టుకుని, నువ్వు అబద్ధం చెప్పావా అని అడిగింది.

గడ్డపార:
అన్నా, ఇదంతా ముందే చెప్పాల్సింది.

పెన్నా ఒడ్డు:
నాయనా, మీరు అబద్ధం చెప్పలేదు. మీరు చేసిన పనికి ఇంగ్లీషులో ఫర్మ్ అనే మాట ఉంది. నచ్చనివాళ్లు దాన్నే స్టబర్న్ అంటారు, అడమెంట్ అంటారు. అడమెంట్, డైమండ్ రెండూ ఒకే గ్రీకు మాటలోంచి వచ్చాయి. రాయి విషయంలో మాస్టారు కొలిచి చెప్పగలరు. మనిషి విషయంలో ఏ మాట పడుతుందో రాసేవాడి మనసును బట్టి ఉంటుంది. పాపకు ఈ సంగతి చెప్పండి.

కావలి మాస్టారు:
ఆ రిపోర్టు అన్యాయం, ఒప్పుకుంటా. కానీ పరీక్షలో అడిగింది వస్తువు గురించి. మార్కు పోవడం న్యాయమే.

చీమకుర్తి నాన్న:
మార్కు కోసం బడికి పోను మాస్టారూ. థర్మోకోల్ ముక్క పాప చేతికిచ్చి విరవమన్నా, తేడా తెలిసింది. టీచరు గారు హార్డ్ ఎందుకు కాదో ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

కావలి మాస్టారు:
నలభై పేపర్లు దిద్దేవాళ్లకు అంత తీరిక ఉండదండీ.

చీమకుర్తి నాన్న:
పాప ఒక్క పేపరే పట్టుకుని పన్నెండు దాకా కూర్చుంది.