అప్‌డేట్: స్పీకర్లు అవే, ఆంప్లిఫయర్ మారింది

పోయిన నెల అడిగాను కదా, నా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు 4 ఓమ్‌లవి (అంటే కరెంటుకు అడ్డు తక్కువ), సెన్సిటివిటీ 85 డీబీ (అంటే ఇచ్చిన పవర్‌కి వచ్చే సౌండ్ కాస్త తక్కువే), పాత 30 వాట్ల ఆంప్‌తో వాల్యూమ్ కాస్త పెంచితే మృదంగం చప్పబడిపోతోంది, ఆంప్ పైన చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది అని. స్పీకర్లే మార్చేయమని సగం మంది అన్నారు. మనసొప్పలేదు.

4 ఓమ్‌లకు 120 వాట్లు ఇచ్చే ఆంప్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. సౌండ్ నాలుగు రెట్లవుతుందని ఆశపడ్డాను, కాలేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డీబీయేనని, అంటే చెవికి కొద్దిపాటి తేడాయేనని మీలో ఒకరు ముందే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు. అసలు తేడా మృదంగంలో ఎడమచేతి గుమ్కీలో (సాగే బాస్ నాదంలో) తెలిసింది: ఇదివరకు ‘టప్’ అని ఆగిపోయేది, ఇప్పుడు సాగి, గుండ్రంగా వచ్చి మెల్లగా తగ్గుతోంది. 4 ఓమ్‌ల స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, పాతది అంత ఇవ్వలేకపోయిందన్నమాట.

మొదటి రోజు మాత్రం టెన్షన్ పడ్డాను, బాస్ దాదాపు లేదు. "పాట మధ్యలోంచి రావట్లేదండీ, గదంతా చెదిరినట్టుంది" అంది మా ఆవిడ. చూస్తే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారు చేశాను! ఒకటి ముందుకు కదిలితే రెండోది వెనక్కి కదిలి బాస్ రద్దయిపోయిందన్నమాట.

పాత ఆంప్ మా తమ్ముడి గదిలో 8 ఓమ్‌ల స్పీకర్లతో చల్లగా పాడుతోంది.