నవల రాస్తూ, అచ్చు వేయిస్తూ లెక్క తప్పకుండా ఎలా చూసుకుంటారు?

లంకగ్రామం:
నమస్కారమండీ. కొల్లేరు చేపల చెరువుల మీద నవల రాస్తున్నాను. కొంత నోటుబుక్కుల్లో ఉంది, కొంత వర్డ్‌లో, మిగతాది ఫోన్లో మాట్లాడి టైపు చేయించింది. 1999లో అభయారణ్యం ప్రకటన వచ్చినప్పుడు కథలో మేనత్త పెళ్లికూతురు. 2006లో చెరువు గట్లు కొట్టేసేటప్పటికి ఆవిడ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు! మా చెల్లెలు చదివి ఒకటే నవ్వు. జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక ప్రదర్శనకి పుస్తకం తేవాలని ఆశ. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?

పాతప్రూఫు:
ఏదీ కొనకండి. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమ పేజీలో లోకంలో జరిగినవి రాయండి: 1977 ఉప్పెన, 1999, కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కిన (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అది) 2002, గట్లు కొట్టేసిన ఆపరేషన్ కొల్లేరు 2006. కుడి పేజీలో ఆ ఏటికి మీ మనుషుల వయసులు. మేనత్త పుట్టిన ఏడు ఒక్కటి ఖాయం చేస్తే మిగతాదంతా కూడికే.

ఇంకో పేజీ విడిగా పెట్టుకోండి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో. మన నవలల్లో వయసుల కంటే ఎక్కువ తప్పేది ఇదే. మొదట్లో బావని ‘మీరు’ అన్న మరదలు మధ్యలో ‘నువ్వు’లోకి దిగుతుంది, మళ్లీ చివర్లో ‘మీరు’. కథలో కారణం ఉంటే సరే, లేకపోతే పాఠకులు ఊరుకోరు. ‘చేశాడు’నా ‘చేసాడు’నా, అదీ అక్కడే తేల్చుకోండి.

అసలు గొడవ డీటీపీ దగ్గర, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే చోట మొదలవుతుంది. మీ ఫైల్లోని యూనికోడ్‌ని (ఫోన్లో, నెట్‌లో కనబడే మామూలు తెలుగు టైపు) అచ్చుపనికి వాడే అను ఫాంటులోకి మార్చి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. మొదటి ప్రూఫు దిద్దిన క్షణం నుంచి అసలు నవల వాళ్ల కంప్యూటర్లో ఉన్నదే, మీ వర్డ్ ఫైలు పాతబడిపోతుంది. రేపు ఈ-బుక్ వేద్దామంటే మళ్లీ యూనికోడే కావాలి. అందుకని ప్రూఫులో దిద్దిన ప్రతిదీ ఆ రాత్రే మీ ఫైల్లోనూ దిద్దండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు పెట్టేవాళ్లు దొరికితే ఈ బాధే లేదు. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీతో మొదలవ్వాలి. ‘ఫైనల్’ అన్న మాట మాత్రం పెట్టొద్దు, దాని తర్వాత ఇంకో ఫైనల్ పుడుతుంది.

డీటీపీమనిషి:
మా వైపు మాట కూడా వినండి సార్. అధ్యాయానికో ఫైలు కాకుండా అంతా ఒకే ఫైలుగా ఇవ్వండి. ఫాంటు మార్చినప్పుడు ‘సాఫ్ట్‌వేర్’, ‘బస్‌స్టాండ్’ లాంటి మాటల్లో పొల్లు పోయి ఒత్తు పడుతుంటుంది, అలాంటివి ముందే జాబితా రాసివ్వండి. అర్ధరాత్రి వాట్సాప్‌లో ‘47వ పేజీ మూడో లైను’ అంటే మాకు కుదరదు, ప్రింటు మీద ఎర్రపెన్నుతో దిద్దండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. డిసెంబరు దాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

లంకగ్రామం:
మేనత్తకి 1968 పుట్టుక, 1986 పెళ్లి. కొడుకు గట్టెక్కాడు! 1999 పెళ్లి భోజనాలు వదులుకోలేక మేనత్త చెల్లెలికి ఇచ్చేశాను. మరి ముందుమాట రాసే పెద్దాయన ఇంకా మొదలే పెట్టలేదు. దానికోసం అంతా ఆపాలా?

డీటీపీమనిషి:
అక్కర్లేదు సార్. ముందుమాట పేజీలకి రోమన్ అంకెలు వేస్తాం, కథ 1 నుంచి మొదలవుతుంది. మామూలు నవలల డెమ్మీ సైజులో ఫారానికి (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) 16 పేజీలు కదా, ఆయనకి ఎన్ని పేజీలు వదలాలో మాత్రం ఇప్పుడే చెప్పండి.