మోటుపల్లి అభయ శాసనం: అరిగిన అక్షరాలు ఫోటోలో తేలడం లేదు

మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలోని గణపతిదేవుడి శాసనం (1244) చదవాలని ఫోటోలు తీశాను. ఓడ విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును లాక్కోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకు మాటిచ్చిన రాయి అది. ఒక్క అక్షరం పోయినా మనసొప్పదు.

ఫ్లాష్ వేస్తే గాట్లన్నీ చదునైపోయాయి. తర్వాత స్టాండు మీద కెమెరా, ఐఎస్ఓ (వెలుగు సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్ 8, షట్టర్ 2 సెకన్లు పెట్టి, టార్చి రాతి ముఖానికి 30 డిగ్రీల వాలులో ఎడమ, కుడి, పైన, కింద నుంచి వేశాను. లోతైన గీతలు తేలాయి. తలకట్టు, దీర్ఘం మాత్రం రాతి గరుకులో కలిసిపోయి ‘క’, ‘కా’ తేడా తెలియడం లేదు. సుద్ద, పిండి రాయను, రాతి రంధ్రాల్లో ఇరుక్కుంటాయి.

రాయిని ముట్టుకోకుండా ఈ సన్నగీతలు తేలాలంటే టార్చిని ఎన్ని వైపుల నుంచి, ఎంత వాలులో పెట్టాలి?